బాపు పండరికి పోలేదు

పోయినేడు మా బాపు దినాలకు వచ్చినవాళ్ళంతా ఒకటే మాట అన్నారు. “దేవుడసొంటి మనిషి.” విస్తరి ముందు కూర్చుని, పప్పులో నెయ్యి కలుపుకుంటూ, ఒకరి తరువాత ఒకరు అదే అన్నారు. నాకు ఒళ్ళు మండింది. చేతిలో ఉన్న అన్నం గిన్నె అక్కడే దించేసి లోపలికి వెళ్ళిపోయాను. మా బాపును దేవుణ్ణి చేయడం మా ఊరికి కొత్త కాదు. ఇంతకు ముందు రెండుసార్లు చేసింది. రెండుసార్లూ ఆయనకు కావలసింది దండం కాదు. మొదటిసారి కావలసింది ఒక డాక్టరు. రెండోసారి కావలసింది ఆయన ఇల్లు.

రోగం ఎప్పుడో పోయింది. బాపు పోయింది ఆ రోగంతో కాదు, మూడు రోజుల జ్వరంతో. ఇప్పుడు ఇది రాయడం ఆయనను పొగడటానికి కూడా కాదు. ఎవరింట్లోనైనా వేడి తెలియని చెయ్యి ఒకటి ఉంటే, దాన్ని మెచ్చుకునే ముందు దవాఖానకు తీసుకుపోతారని రాస్తున్నాను. ఇంకొకటి, నా కోపాన్ని ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి. నేను బడిపంతులమ్మను, పిల్లల మీద పెట్టలేను కదా.

మా ఊరు బోధన్‌కు ఐదు మైళ్ళు. చక్కెర ఫ్యాక్టరీ కూత వినపడేంత దూరం. ఆ కూతకే మా ఇళ్ళలో పొయ్యిలు అంటుకునేవి. బాపు అంటే మా నాన్న, పేరు రాజన్న. ఆయనకు ఒక అన్న ఉన్నాడు, గంగారాం, నాకు పెద్దబాపు. ఉమ్మడి కాపురం, ఆరెకరాల చెరుకు, ఎకరం పసుపు. పెత్తనం పెద్దబాపుది, పని బాపుది. ఇది నేను కోపంతో అంటున్న మాట కాదు, ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. పెద్దబాపు తెల్లపంచెకు ఎప్పుడూ మట్టి అంటుకోలేదు. బాపు పంచె అసలు రంగేమిటో ఉతికే మా అవ్వకే, అంటే మా అమ్మకే, తెలియదు.

బాపు మాట తక్కువ మనిషి. పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూనే “పిల్ల తిన్నదా?” అని అడిగేవాడు. అవ్వ నాట్లకు పోయిన రోజుల్లో నాకు జడ వేసేవాడు. పాపిట ఎప్పుడూ వంకరే. వానాకాలంలో కాలువ నిండితే నన్ను భుజాల మీద ఎక్కించుకుని దాటించి, బోధన్ బడి దాకా దిగబెట్టి, మళ్ళీ ఐదు మైళ్ళు నడిచి వచ్చి నాగలి పట్టేవాడు. “ఆడివిల్లకు బోధన్ సదువేందిరా?” అని పెద్దబాపు గదమాయిస్తే, “నేను సదువలే అన్నా, గందుకే” అన్నాడట. అప్పటిదాకా అన్నకు ఆయన ఎదురు చెప్పడం అవ్వ ఎప్పుడూ చూడలేదు. నేను ఇంకోసారి చూశాను. ఆ సంగతి తరువాత చెబుతాను.

చెరుకంతా ఫ్యాక్టరీకి పోయినా ప్రతి ఇంటివాళ్ళూ ఓ నాలుగు మళ్ళ చెరుకు బెల్లానికి ఉంచుకునేవారు. పుష్యమాసం వచ్చిందంటే గానుగ పక్కన పెద్ద పొయ్యి తవ్వి కడాయి ఎక్కించేవారు. పాకం చూసే పని మా బాపుది. మా ఊళ్ళోనే కాదు, చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో ఆయనదే. పాకం ఒక్క నిమిషం ముందు దించితే బెల్లం జారిపోతుంది, ఒక్క నిమిషం ఆలస్యమైతే మాడుతుంది. అది కళ్ళతో తెలియదు, వేళ్ళతో తెలుస్తుంది. పాకం చూసేవాడు పక్కనున్న చల్లనీళ్ళ ముంతలో చెయ్యి ముంచి, ఆ తడి ఆరకముందే ఉడుకుతున్న పాకంలో వేళ్ళు పెట్టి ఇంత తీసుకుని, మళ్ళీ నీళ్ళలో ముంచి ఉండ చేస్తాడు. ఉండను పళ్ళెం మీద కొడితే ఠంగుమనాలి. అప్పుడు కడాయి దించాలి. ఎంత చేయి తిరిగినవాడికైనా ఆ నీళ్ళ ముంత లేకపోతే పని జరగదు.

1958లో, నాకప్పుడు ఎనిమిదేళ్ళు, బాపు ఆ ముంత వాడటం మానేశాడు. కావాలని మానలేదు. ఒకరోజు కాలు తగిలి ముంత బోర్లాపడింది. పాకం ఆగదు కదా. ఆయన పొడిచేత్తోనే ఉడుకు పాకంలో వేళ్ళు పెట్టి, తీసి, ఉండ చేసి పళ్ళెం మీద కొట్టాడు. ఠంగుమంది. చుట్టూ ఉన్నవాళ్ళు నోళ్ళు తెరిచారు. బాపు కూడా తన చేతిని తానే చూసుకున్నాడు. ఆ తరువాత జనం ముంతను పక్కకు జరిపేసేవారు, ఆయన పొడిచెయ్యి పెట్టడం చూడటానికి. “రాజన్న చేతుల దేవుడున్నడు,” అన్నారు. పక్క ఊరి నుంచి ఒకాయన తన పసిపిల్లకు జ్వరమొస్తే తీసుకొచ్చి బాపు చెయ్యి నెత్తిన పెట్టించుకుని పోయాడు.

నేనేమీ తక్కువ తినలేదు. బడిలో నా ఈడు పిల్లలను ముగ్గుర్ని ఇంటికి తీసుకొచ్చి, “మా బాపు నిప్పు పట్టుకుంటడు సూడుండ్రి” అన్నాను. నా మాట పోకుండా బాపు పొయ్యిలోంచి ఓ బొగ్గు తీసి అరచేతిలో పెట్టుకుని నవ్వాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను అందరికంటే గట్టిగా కొట్టాను. ఇన్నేళ్ళయినా ఆ చప్పట్లకు నన్ను నేను క్షమించుకోలేదు. ఎనిమిదేళ్ళ పిల్లకు ఏం తెలుస్తుందని అందరూ అంటారు. అనుకోనివ్వండి.

రెండేళ్ళు అలా గడిచాయి. 1960లో, కడాయిలు ఎక్కించడానికి ముందు, బోధన్ నుంచి కళాయి ఖాసిం చాచా వచ్చాడు. ఏటా వచ్చి ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టి, కడాయిల అంచులు బాగుచేసిపోయేవాడు. వాళ్ళ తాతల నాటి నుంచీ నిప్పు పనే. ఎవరో ఆయన ముందు బాపు చేతి మహిమ చెప్పారు. చాచా తిత్తి ఊదడం ఆపి బాపు చెయ్యి పట్టుకున్నాడు. తిప్పి చూశాడు. మోచేతి కింద రూపాయి బిళ్ళంత ఒక తెల్లటి మచ్చ ఉంది. మేమందరం రోజూ చూసే మచ్చే. చాచా తన గోటితో అక్కడ గట్టిగా గిచ్చాడు.

“తెలుస్తున్నదా భాయ్?”

“ఏంది?” అన్నాడు బాపు.

చాచా ముఖం మాడిపోయింది. “సూడు భాయ్, మా అబ్బా నలభై ఏండ్లు అగ్గితోని పని జేసిండు. సచ్చేదాక ఆయన చెయ్యి కాలింది. నాది ఇప్పటికీ కాలుతది. అగ్గి ఎవ్వన్నీ ఇడిసిపెట్టది. ఇది కరామత్ గాదు, మహిమ గాదు, బీమారి. డిచ్‌పల్లి దవాఖానకు పో.”

మా వైపు డిచ్‌పల్లి అంటే అప్పట్లో ఊరి పేరు కాదు. అక్కడ పెద్దరోగానికి, అదే కుష్టుకు, పెద్ద దవాఖాన ఉంది. అందుకని డిచ్‌పల్లి అంటే చాలు, రోగం పేరు ఎత్తక్కర్లేదు. పిల్లలు కొట్లాటలో “నువ్వు డిచ్‌పల్లికి పోతవు” అని తిట్టుకునేవారు. బయలుదేరే ముందు ఆడవాళ్ళెవరైనా ఆ పేరెత్తితే మళ్ళీ కాళ్ళు కడుక్కునేవారు.

అవ్వ ఇంట్లోంచి కట్టెపేడు పట్టుకుని వచ్చింది. “నీ నోట్ల మన్ను వడ! బంగారమసొంటి చెయ్యికి దిష్టి వెడ్తవా?” అని అరిచింది. పెద్దబాపు చాచా తిత్తిని కాలితో తన్నాడు. ఊరంతా చూస్తుండగా ఖాసిం చాచా తన గిన్నెలు తానే ఏరుకుని, సగం పని వదిలేసి వెళ్ళిపోయాడు. ఊరు మొత్తంలో నిజం చెప్పినవాడు ఒక్కడే. వాడినే తరిమాం.

ఆ తరువాత ఏడాది, 1961లో, బాపు వేళ్ళకు పుళ్ళు పడ్డాయి. బొబ్బ లేచింది ఆయనకు తెలియదు, పగిలింది తెలియదు, చీము పట్టింది తెలియదు. చిటికెన వేలు లోపలికి వంగిపోయింది. కాలికి ముల్లు దిగి నాలుగు రోజులున్నా నడుస్తూనే ఉన్నాడు. అప్పటికి గానీ పెద్దబాపు నిజామాబాద్‌లో డాక్టరుకు చూపించమనలేదు. చిట్టీలు చదవడానికి నన్ను వెంట తీసుకుపోయారు.

ఆ డాక్టరు వాతమన్నాడు. మూడు నెలలు వారం వారం సూదులు. బోధన్‌లో రైలెక్కి పోవడం, ఇరుకు గదిలో బల్లల మీద కూర్చోవడం, పేరు పిలిచేదాకా గోడ మీద క్యాలెండరు చూడటం. బాపు ఆ గదిలో కూడా ఊరికే ఉండలేడు. ఎవరి పిల్లో ఏడిస్తే ఎత్తుకునేవాడు, ముసలివాళ్ళకు కూజాలోంచి నీళ్ళు ముంచి ఇచ్చేవాడు. నాలుగో నెల ఒకరోజు డాక్టరు గుమ్మం దాకా వచ్చి, బాపు ముఖం వైపు తీక్షణంగా చూసి, కనుబొమ్మల వెంట్రుకలు పలచబడ్డాయని అప్పుడే కనిపెట్టినట్టు, అక్కడి నుంచే అరిచాడు. “నీది పెద్దరోగమయ్యా! ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు? బయటికి పో, డిచ్‌పల్లికి పో!”

చెప్పాల్సింది ఎవరు, ఎవరికి? ఆ ప్రశ్న అడగడానికి నాకప్పుడు వయసు చాలలేదు. బల్ల మీద మా పక్కన కూర్చున్న ఐదుగురూ ఒక్కసారే లేచారు. బాపు అప్పుడు ఒక పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఆడిస్తున్నాడు. ఆ తల్లి వచ్చి పిల్లవాణ్ణి లాక్కుంది. కాంపౌండరు కూజాలో నీళ్ళు వీధిలో పారబోశాడు. బాపు లేచి తలపాగా సర్దుకుని, “నడువు బిడ్డా,” అన్నాడు. స్టేషను దాకా నా చెయ్యి పట్టుకోలేదు. నేనే పట్టుకోబోతే తన చెయ్యి కండువాలో దాచుకున్నాడు.

ఇంట్లో ఆ రోజు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు పటపటలాడతాయి. పెద్దబాపు తలుపులు మూసి అవ్వనూ, బాపునూ కూర్చోబెట్టాడు. “కడుపు సించుకుంటే కాళ్ళ మీద వడ్తది. బయట తెలిస్తే మన చెరుకు ఫ్యాక్టరోడు తీసుకోడు, మన పిల్లలను ఎవ్వడూ చేసుకోడు,” అన్నాడు. ఫ్యాక్టరీ చెరుకును చూస్తుంది గానీ పండించినవాడి చేతివేళ్ళు లెక్కపెట్టదని ఆయనకు తెలుసు. అయినా అన్నాడు. బాపు తల వంచుకుని, “నేను దవాఖానకు పోత అన్నా. నయం గానీ, గాకపోనీ,” అన్నాడు. పెద్దబాపు “పో. గని డిచ్‌పల్లికి పోతున్నవని చెప్పొద్దు. పండరికి పోతున్నవని చెప్దం,” అన్నాడు.

మా వైపు నుంచి పండరికి నడిచి పోయేవాళ్ళు చాలామంది. విఠలుని సేవలో అక్కడే ఉండిపోయేవాళ్ళు కూడా ఉన్నారు. ఎవరికీ అనుమానం రాదు. పైగా చేతిలో దేవుడున్న మనిషి, దేవుడి దగ్గరికి పోయాడంటే నమ్మని వాడెవడు?

నమ్మడమే కాదు, సాగనంపారు. తాళాలు, మృదంగం, భజన. పెద్దబాపు స్వయంగా బాపు మెడలో తులసిపూసలు వేశాడు. వేస్తున్నప్పుడు చెయ్యి తగలకుండా ఎంత జాగ్రత్తపడ్డాడో నేను చూశాను. ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చి బాపు కాళ్ళకు మొక్కారు. ముల్లు దిగిన పుండును గుడ్డతో కట్టి, పైన పసుపు పూసి దాచింది అవ్వ. “పుండలీక వరదా” అంటూ బోధన్ స్టేషను దాకా అందరూ వచ్చారు. రైలు కదిలాక వాళ్ళు వెనక్కి తిరిగారు. బాపు నిజామాబాద్‌లో బండి మారి డిచ్‌పల్లిలో దిగాడు. దిగేచోట ఆయన కోసం ఖాసిం చాచా నిలబడి ఉన్నాడు. అవ్వ ముందురోజు బోధన్‌కు పోయి, ఆయన గుమ్మం ముందు కూర్చుని ఏడ్చి చెప్పుకొచ్చిందట. తిత్తిని తన్నిన ఇంటి మనిషికి ఆయన తోడు వెళ్ళాడు. పరుపుచుట్ట తనే మోశాడు. దయ అంటే అది. కాళ్ళకు మొక్కడం కాదు.

దవాఖానలో ఒక డాక్టరమ్మ ఉండేది. బాపు ఆమె పేరు ఎప్పుడూ పలకలేకపోయాడు. “మా డాక్టరవ్వ” అనేవాడు. మొదటిరోజే ఆమె బాపు కళ్ళు మూసుకోమని, దూదితో చెయ్యంతా అక్కడక్కడ తాకుతూ, “తగిలితే చెప్పు,” అన్నదట. బాపు కళ్ళ సందుల్లోంచి చూస్తూ ప్రతిసారీ “తగిలింది, తగిలింది” అన్నాడట. పరీక్షలో తప్పితే ఇంటికి పంపరేమోనని భయం. ఆమె నవ్వి తన కొంగుతో ఆయన కళ్ళకు గంతలు కట్టింది. ఆ తరువాత బాపు ఒక్కసారి కూడా “తగిలింది” అనలేదు. “ఎప్పుడు ముట్టిందో తెల్వలే బిడ్డా. ఆమె అయిపోయిందన్నంకనే తెలిసింది, ముట్టిందని,” అని నాతో చెప్పాడు.

రోజూ గోలీలు. పుళ్ళకు కట్లు. చేతులను, కాళ్ళను పొద్దుమాపు కళ్ళతో చూసుకోవడం నేర్పారు. ఒళ్ళు చెప్పని సంగతి కళ్ళతో వెతుక్కోవాలన్నమాట. మెత్తటి రబ్బరు అడుగు వేసిన చెప్పులిచ్చారు. పుళ్ళు మానగానే బాపు అక్కడి పొలంలో పనికి దిగాడు. ఎవరూ చెప్పలేదు. ఆయనకు చేతులు ఊరికే ఉంచుకోవడం రాదు. పారకు, కొడవలికి గుడ్డ చుట్టుకుని పట్టుకునేవాడు. సాటి రోగుల కోసం వరి పండించాడు, కూరగాయలు పెట్టాడు.

అవ్వ ఇక్కడ ఊళ్ళో బీడీలు చేసింది. బీడీలు అప్పజెప్పడానికి నిజామాబాద్‌కు పోతున్నానని చెప్పి నెలకోసారి బాపును చూసి వచ్చేది. నన్ను తీసుకుపోలేదు. నేనూ అడగలేదు. రెండేళ్ళకు, 1963లో, మొదటిసారి వెళ్ళాను. బాపు వరండాలో ఒక చాప పరిచి, దానికి బారెడు దూరంలో తాను కూర్చున్నాడు. “గక్కడ కూసో బిడ్డా. ఏం సదువుతున్నవ్?” అన్నాడు. నేను చాప మీదే కూర్చున్నాను. ఆ బారెడు దూరం ఆయన పెట్టిందే అయినా, దాటకుండా కూర్చున్నది నేను.

డాక్టరమ్మ ఆ రోజే చెప్పింది. “మీ నాన్నగారి వల్ల ఎవరికీ అంటుకోదమ్మా. ఇంటికి పోవచ్చు. నెలకోసారి వచ్చి మందు తీసుకుపోతే చాలు.” అవ్వ ఎగిరి గంతేసినంత పనిచేసింది. ఆ సంతోషం పెద్దబాపు గుమ్మం దాకానే. “రెండేండ్లకే పండరి నుంచి ఎవడన్న అస్తడా? అనుమానం వడ్తరు. పెద్దోని పెండ్లి అయినంక సూద్దం,” అన్నాడు. పెద్దోడంటే ఆయన పెద్ద కొడుకు. వాడి పెండ్లి అయింది. తరువాత చిన్నవాడిది అన్నాడు. అదీ అయింది. తరువాత బోరు వేయాలన్నాడు. బోరుకూ రోగానికీ ఏం సంబంధమో ఆ విఠలుడికే తెలియాలి.

చదివేవాళ్ళకు ఈ లెక్క తెలియాలి. రోగం మా బాపును ఇంటికి దూరంగా ఉంచింది రెండేళ్ళు. అబద్ధం ఐదేళ్ళు ఉంచింది.

ఆ ఐదేళ్ళలో అబద్ధం బాగా బలిసింది. తొలి ఏకాదశికి ఊరివాళ్ళు అవ్వకు కొబ్బరికాయలు తెచ్చిచ్చేవారు. బాపు కలలో కనపడి పసుపు పంటకు ఎప్పుడు నీళ్ళు పెట్టాలో చెప్పాడని ఒకాయన చాటాడు. చంద్రభాగ ఒడ్డున బాపు భజన చేస్తుంటే కళ్ళారా చూశానని పండరికి పోయివచ్చిన ఒకావిడ ఒట్టేసి చెప్పింది. అప్పుడు బాపు డిచ్‌పల్లిలో వంకాయలకు నీళ్ళు పెడుతున్నాడు. నేను నిజామాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకున్నాను. మీ నాన్న ఏం చేస్తారని అడిగితే “పండరిలో ఉంటరు” అని చెప్పేదాన్ని. మొదట గొంతు తడబడేది, తరువాత అలవాటైపోయింది.

1968లో ఊళ్ళో విఠలుని గుడి కట్టాలన్నారు. గుడి మీద మొదటి జెండా రాజన్న చేతులతోనే ఎత్తించాలని ఊరంతా పట్టుబట్టింది. అప్పుడు గానీ పెద్దబాపుకు తమ్ముడు గుర్తు రాలేదు. కాషాయం పంచె, కొత్త తులసిపూసలు, ఒక తంబూరా సంచిలో పెట్టుకుని డిచ్‌పల్లికి వచ్చాడు. ఏడేళ్ళలో ఆయన అక్కడికి రావడం అదే మొదటిసారి. నేను, అవ్వ కూడా ఉన్నాం. డాక్టరమ్మ రోగం పూర్తిగా తగ్గిందని రాసిన కాగితం బాపు జేబులో ఉంది. వరండాలోకి రాకుండా ముంగిట్లోనే నిలబడి పెద్దబాపు సంచి ముందుకు నెట్టాడు.

“గివి ఏసుకోని రా. ఊరంత నీ కాళ్ళు కడుగుతది. ఇగ ఎవ్వడు ఏం అడుగడు.”

బాపు ఆ సంచి వైపు చూశాడు, నా వైపు చూశాడు. “నువ్వేమంటవ్ బిడ్డా?”

నేను అప్పుడు టీచరు ట్రైనింగులో ఉన్నాను. హాస్టల్లో నా పక్క మంచం పిల్ల, నా కంచంలోంచి తినే పిల్ల, నా కళ్ళ ముందు మెదిలింది. “బాపూ, పండరి అనే చెప్పు. ఒక్కరోజు. నీ కాళ్ళు మొక్కుత,” అన్నాను. పెద్దబాపు మెచ్చుకోలుగా తల ఊపాడు. ఆయన నన్ను మెచ్చుకున్నది జన్మలో ఆ ఒక్కసారే. బాపు సంచి తీసుకున్నాడు.

పండరి నుంచి వచ్చినవాళ్ళను ఊరి పొలిమేరలో నిలబెట్టి, కాళ్ళు కడిగి, ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుని ఇంటికి తీసుకుపోవడం మా వైపు ఆచారం. మేం బోధన్ నుంచి నడుచుకుంటూ వెళ్ళేసరికి ఊరి మొదట్లో రెండు వందల మంది ఉన్నారు. తాళాలు మోగుతున్నాయి. బాపు తెల్లపంచె కట్టుకుని, రబ్బరు చెప్పులు వేసుకుని నడుస్తున్నాడు. సంచి ఆయన చంకలోనే ఉంది, విప్పలేదు. పెద్దబాపు దారి పొడుగునా “గిప్పుడన్న ఏసుకోరా” అని గొణుగుతూనే ఉన్నాడు. అవ్వ వెనకాల బాపు ట్రంకు మోసుకుంటూ వస్తోంది. నేను అందరికంటే ముందుగా పోయి జనంలో కలిసి, దారికి కుడిపక్కన నిలబడ్డాను.

మా పెద్దవ్వ, అంటే పెద్దబాపు భార్య, ఇత్తడి బిందెతో నీళ్ళు, పళ్ళెం పట్టుకుని బాపు ముందు వంగింది. “చెప్పులు ఇడువు మరిదీ,” అంది.

బాపు విడవలేదు. సంచిలోంచి తులసిపూసలు తీసి పెద్దబాపు చేతిలో పెట్టాడు. గొంతు పెద్దది చేసే అలవాటు లేని మనిషి. అయినా ఆ రోజు తాళాల మీదుగా వినపడింది.

“కడుగకుండ్రి. నేను పండరికి పోలె. ఏడేండ్లు డిచ్‌పల్లిల ఉన్న. నాది పెద్దరోగం. తగ్గింది, డాక్టరవ్వ రాసిచ్చిన కాయితమున్నది. సదువు వచ్చినోళ్ళు సదువుకోండ్రి. భయమున్నోళ్ళు పక్కకు జరుగుండ్రి. నేను మా ఇంటికి పోతున్న.”

తాళాలు ఆగిపోయాయి. పెద్దవ్వ చేతిలోంచి బిందె జారింది. నీళ్ళు దారికి ఎడమవైపు పారాయి. “మతి చెడ్డది వీనికి! ఏమేమో మాట్లాడుతున్నడు!” అని పెద్దబాపు అరిచాడు. ఎవరూ ఆయన వైపు చూడలేదు. జనం రెండుగా విడిపోయారు. ఎవరూ తోయలేదు, ఎవరూ తిట్టలేదు. వెనకాల ఉన్నవాళ్ళు ముందు జరిగారు, తరువాత ముందున్నవాళ్ళు. ఆయన చెయ్యి నెత్తిన పెట్టించుకున్న పిల్ల అప్పటికి పదేళ్ళది, ఆ పిల్లను తండ్రి భుజం పట్టి లాగాడు. కాళ్ళకు మొక్కడానికి వచ్చిన మనుషుల మధ్యలో బండి పట్టేంత దారి ఏర్పడింది. అవ్వ ట్రంకు నెత్తిన సర్దుకుని బాపును దాటి ముందుకు వచ్చి, ఆ దారిలో మొదట తాను నడిచింది. ఎవరి ముఖమూ చూడలేదు.

ఆమె వెనకాల బాపు. ఆయన నా దాకా వచ్చేసరికి నేను ఒక అడుగు వెనక్కి వేశాను. వేయాలనుకోలేదు. కాలు దానంతటదే పోయింది. అది అందరికంటే ముందు చూసింది ఆయనే.

బాపు ఆగాడు. నా పాదాల వైపు చూశాడు, ఆ తరువాత నా ముఖం వైపు. చుట్టుపక్కల వాళ్ళకు వినపడేలా, నా తరఫున వాళ్ళకు సంజాయిషీ చెబుతున్నట్టుగా అన్నాడు.

“మంచిగ జరిగినవ్ బిడ్డా. నీళ్ళు పారినయ్, జారుతవు.”

నేను నిలబడ్డ వైపు నేల పొడిగా ఉంది.